రెండడుగుల తలుపు

ఆ వీధుల్లో అతన్ని అందరూ అంగుళాల మేస్త్రి అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు సంతకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఇల్లు కట్టుకోదలచినవాళ్లు స్థలం కొలతల చీటీ పట్టుకుని సిమెంటు కొట్టు మీదున్న అతని గదికి మెట్లెక్కి వెళ్లేవారు. అక్కడ గాజుపలక పరిచిన పొడుగాటి బల్ల, గోడవారగా నాలుగు ప్లాన్ల కట్టలు ఉండేవి. పన్నెండడుగుల వెడల్పు స్థలాలవి ఒక కట్ట, పదహారువి ఒకటి, ఇరవైవి ఒకటి, ముప్ఫై, ఆపైన ఉన్నవి ఇంకొకటి. వచ్చినవాళ్లు నమస్కారం పెట్టేలోపే అతను చెయ్యి చాచేవాడు.

"ముందు మీ స్థలం మొహం ఎంత వెడల్పో చూడనివ్వండి. మీ మొహం తర్వాత చూస్తాను."

అందరూ నవ్వేవారు. ఆ మాటలో నవ్వవలసింది ఏమీ లేదని మేస్త్రికి తెలిసొచ్చేసరికి అతనికి యాభై ఎనిమిదేళ్లు నిండాయి.

అతను ఏ బడిలోనూ గీతలు నేర్చుకోలేదు. ఇటుకలు మోసే రోజుల్లో ఇంజనీరు ప్లాను పరిస్తే, గాలికి ఎగరకుండా అవతలి అంచు పట్టుకుని నిలబడేవాడు. ఎదురుగా నిలబడి చూడటం వల్ల ప్లానును తలకిందులుగా చదవడం వచ్చింది. ఇప్పటికీ కాగితం తిరగేసి పెడితేనే అతనికి ఇల్లు కళ్లకు కట్టేది.

అయితే అంకెలు నేర్పింది మాత్రం వదిన. అన్న పెళ్లినాటికి ఇతనికి పదహారేళ్లు. వదిన కాపురానికి వస్తూ వస్తూ కుట్టు మిషన్ వెంట తెచ్చుకుంది. పని నుంచి రాగానే అతన్ని మిషన్ పక్కన కూర్చోబెట్టుకుని, గుడ్డ టేపు మీద అంగుళాలు, అరలు, పావులు చదివించేది. అప్పుడప్పుడూ ఒక మాట అనేది.

"కొలత ఎప్పుడూ మనిషి మీద తియ్యాలి మరిదీ. పాత జాకెట్టు చూసి కొత్తది కుడితే, మనిషి మారిందని గుడ్డకేం తెలుసు?"

ఆ మాట మేస్త్రి మర్చిపోలేదు. కాకపోతే మనిషి అంటే తనే అనుకున్నాడు.

మనిషి పొట్టి, సన్నం. అయిదడుగుల రెండంగుళాలు. ఏడుగురు ఒకే గదిలో పడుకున్న ఇంట్లో పుట్టాడు కాబట్టి, వృథాగా పోయే అంగుళాన్ని చూస్తే అతనికి అన్నం పారబోసినంత బాధ. నడవా వెడల్పు తేల్చాలంటే రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మోచేతులు తగలకుండా నడిచేవాడు. కుళాయి ఎత్తు తేల్చాలంటే నిలబడి చెయ్యి చాచేవాడు. "నేను పట్టిన చోట ఎవరైనా పడతారు" అన్నది అతని శాస్త్రం. స్నానాల గది తలుపు రెండడుగులే పెట్టేవాడు. ద్వారబంధం పోగా లోపల మిగిలేది ఇరవై ఒక్క అంగుళాలు. అతను భుజం వంచకుండా, ఇటూ అటూ తగలకుండా దూరిపోయేవాడు. చిన్న ఇళ్లకు అవసరం కొద్దీ మొదలైన అలవాటు, పోనుపోను పెద్ద ఇళ్లకూ పాకింది. ఎవరైనా గొణిగితే "తలుపు తగ్గితే గది పెరుగుతుంది" అని నోరు మూయించేవాడు.

అలా నూట పద్నాలుగు ఇళ్లు లేచాయి. అన్నిటిలోకీ అతనికి ప్రాణం, పదకొండేళ్ల కిందట వదినవాళ్లకు కట్టించిన ఇల్లు. పదహారడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు. మెట్ల కింద స్నానాల గది. ముందుగదికీ ఆ గదికీ మధ్య తొమ్మిదంగుళాల గోడ. ఆ గోడను మూడడుగుల వెడల్పున స్నానాల గదివైపు లోపలికి జరిపి, మనిషెత్తున ఒక గూడు తీసి, వదిన కుట్టు మిషన్ అందులో అమిరిపోయేలా చేశాడు. పైన దారాల అరలు. చూడవచ్చినవాళ్లు ఆ గూటి దగ్గరే ఆగిపోయేవారు. అన్న పోయాక కూడా, వదినా ఆమె కూతురూ ఉంటున్న ఆ ఇంటినే మేస్త్రి కొత్తవాళ్లకు చూపించేవాడు. ఒకరోజు ముందే కబురు చేసి తీసుకువెళ్లేవాడు.

ఎనిమిది నెలల కిందట వదిన బజారులో కాలుజారి పడింది. నడుముకు దెబ్బ తగిలి, కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. చక్రాల కుర్చీ వచ్చింది. మేస్త్రి వెళ్లినప్పుడల్లా ఆమె తల దువ్వుకుని, ఇస్త్రీ చీరలో, ముందుగదిలో కుర్చీలో కూర్చుని నవ్వుతూ ఉండేది. "ఎలా ఉన్నావు వదినా?" అంటే "మహారాణిలా ఉన్నాను, కూర్చున్నచోటికే అన్నీ వస్తున్నాయి" అనేది. అతను నవ్వి, టీ తాగి వచ్చేసేవాడు. ఆ కుర్చీ ఎటు వెళుతుంది, ఎటు వెళ్లదు అన్న ప్రశ్న, అంగుళాలతో బతికే అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే ఒక లారీ డ్రైవరూ అతని భార్యా వచ్చారు. డ్రైవరు మెట్లెక్కుతుంటే మెట్లకు ముందే తెలిసింది. తలుపు దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుని, చీటీ ఇచ్చాడు.

"స్థలం పదహారడుగులేనండి. అందులో నా పొట్టే రెండడుగులు. మిగతా పద్నాలుగులో మా ఆవిడా, పిల్లలూ, మా అమ్మా సర్దుకుంటారంటారా?"

"పొట్టకి మేడ మీద గది వేయించుకో" అంది భార్య.

మేస్త్రి అప్పటికే పదహారడుగుల కట్ట విప్పుతున్నాడు. "మీ పొట్ట సంగతి నాకొదిలెయ్యండి. నేను పట్టిన చోట ఎవరైనా పడతారు."

"మీరు పడతారండీ! మీరు పోస్టు డబ్బాలో వేసినా పడతారు" అన్నాడు డ్రైవరు.

"నువ్వాగు. గీతలు నాకు అర్థం కావు మేస్త్రిగారూ. కట్టిన ఇల్లు ఏదైనా ఉంటే చూపించండి" అంది భార్య.

ఆ మాటకే మేస్త్రికి ఉత్సాహం వచ్చింది. రెండు వీధుల అవతలే ఇల్లు. కబురు చెయ్యాలన్న ఆలోచన రాకపోలేదు. మన వదినే కదా, మనకెందుకు మర్యాదలు అనుకున్నాడు.

తలుపు చేరవేసి ఉంది. ముందుగదిలో ఎవరూ లేరు. ఖాళీ చక్రాల కుర్చీ నడవా మొదట్లో ఆగి ఉంది. అతను దాన్ని పక్కకు నెట్టి, వాళ్లను నేరుగా గూటి దగ్గరికి తీసుకెళ్లాడు.

"చూడండి. ఈ గూడు గోడలోనే పుట్టింది. గదిలోంచి ఒక్క అంగుళం తినలేదు."

డ్రైవరు భార్య గూటి అంచు మీద చెయ్యి వేసి నిమిరింది. నునుపుకు ఆమె మొహం విప్పారింది. అదే ఊపులో మేస్త్రి వాళ్లను నడవాలోకి తీసుకెళ్లి స్నానాల గది తెరిచాడు. డ్రైవరు ఆ తలుపును కిందికీ పైకీ చూశాడు.

"ఇది తలుపా, కిటికీయా?"

"పక్కకి తిరగండి, సులువుగా వెళ్లొచ్చు."

డ్రైవరు పక్కకి తిరిగాడు. ఊపిరి బిగబట్టి సగం వెళ్లాడు. చొక్కా బొత్తం ఒకటి ఊడి టప్పున నేల మీద పడింది. "ఇంట్లోకి నేను నిలువునా వెళ్లి, స్నానానికి అడ్డంగా వెళ్లాలన్నమాట" అంటూ వెనక్కి వచ్చాడు. భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మేస్త్రి నవ్వలేదు. అతని చూపు ద్వారబంధం మీద పడింది. మోకాలెత్తున, రెండు వైపులా, చెక్క మీది రంగు లేచిపోయి గీతలు పడి ఉన్నాయి. ఒకచోట చెక్కే చిట్లింది. ఏదో ఇనప వస్తువును బలవంతంగా తోసినట్టుంది. 'ఇంత మంచి చెక్కని ఎవరు పాడుచేశారు' అని అతనికి చిరాకు పుట్టింది. అంతలో వంటింట్లో నీళ్ల చప్పుడు వినిపించింది. కుళాయి వదిలేశారు కాబోలు అనుకుంటూ విసవిసా వెళ్లాడు. గిన్నెలు కడిగే మూలకు అడ్డంగా ఒక పూలదుప్పటి తాడు మీద వేలాడుతోంది. అతను దాన్ని పక్కకు లాగాడు.

ప్లాస్టిక్ బల్ల మీద, తడిచీర చుట్టుకుని, నెత్తిమీంచి నీళ్లు కారుతూ వదిన కూర్చుని ఉంది. ఆమె వెనక నీళ్ల చెంబు పట్టుకుని మేస్త్రి భార్య నిలబడి ఉంది.

భార్య మొగుడి మొహం చూసి చెంబు దించేసింది. వదిన చేతులు గుండెలకు అడ్డం పెట్టుకుంది. అతని భుజం వెనక కొత్త మొహాలు కనబడగానే, ఆమె తల ఎత్తి ఎప్పటిలాగే నవ్వబోయింది.

"రండమ్మా, కూర్చోండి. ఇల్లు చూడ్డానికొచ్చారా? మా మరిది కట్టిందే. చాలా బాగుంటుంది, ఏ ఇబ్బందీ ఉండదు."

డ్రైవరు గిరుక్కున గోడవైపు తిరిగిపోయాడు. మేస్త్రి చెయ్యి మాత్రం దుప్పటిని వదల్లేదు. వదలాలని దానికి తోచలేదు. డ్రైవరు భార్యే ముందుకు వచ్చి, అతని వేళ్లలోంచి దుప్పటి విడిపించి, తాడు చివరిదాకా లాగింది.

"పదండి బయటికి" అంది మెల్లగా, పసివాడికి చెప్పినట్టు.

వాళ్లు వెళ్లిపోయారు. మేస్త్రి వీధిమెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి అన్న కూతురు మందుల సంచి పట్టుకుని వచ్చింది. బాబాయ్ మొహం, తెరిచి ఉన్న తలుపు, లోపలి నిశ్శబ్దం చూసి జరిగింది గ్రహించింది.

"చెప్పకుండా వచ్చావేం బాబాయ్? చెప్పొస్తే దుప్పటి తీసి దాచేసేవాళ్లంగా."

"ఎన్నాళ్లనుంచమ్మా?"

"కుర్చీ వచ్చిన రోజునుంచి. మొదటి రోజు నేనూ పిన్నీ కలిసి తోశాం. చక్రం ఇరుక్కుపోయింది. అమ్మ వేళ్లు నలిగాయి."

"నాకొక మాట చెప్పకూడదూ?"

"నువ్వొక మాట అడగకూడదూ?"

ఆ పిల్ల నోరు చిన్నప్పటినుంచీ పదునే. లోపలికి పోబోయి మళ్లీ ఆగింది.

"మిషన్‌కి మూడడుగులిచ్చావు బాబాయ్. మనిషికి రెండు."

ఇంటికి వచ్చాక భార్య అన్నం పెట్టింది. అతను కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట పెట్టలేదు.

"రోజూ వెళుతున్నావా?"

"రోజు విడిచి రోజు. ఆ పిల్ల ఒక్కతే ఎత్తలేదు కదండీ."

"గుడికనీ, బజారుకనీ చెప్పి..."

"ఏం చెయ్యమంటారు? అక్క ఒట్టు వేయించుకుంది. 'ఆ ఇల్లు చూపించే నలుగురికీ ఇళ్లు గీస్తున్నాడు. అందులో వంక ఉందని తెలిస్తే ఇంకో ఇంటికి గీత గియ్యలేడు, వాడి సంగతి నాకు తెలుసు' అంది. స్నానం వంటింట్లో, మిగతావి పడగ్గదిలో కంత చేసిన ప్లాస్టిక్ కుర్చీ మీదే. వాసన రాకుండా అగరొత్తులు. మీరు వస్తున్నారంటే గంట ముందునుంచీ సర్దుడే."

తను మెచ్చుకున్న ఆ అగరొత్తుల వాసన అతనికి గుర్తొచ్చింది. 'ఇల్లంటే ఇలా ఉండాలి' అని ఆ ముందుగదిలోనే కూర్చుని అన్నాడు. ఎవరితోనో కాదు, వదినతోనే అన్నాడు. కంచంలో చెయ్యి కడిగేశాడు.

సిమెంటు కొట్టు మీది గదికి వెళ్లి నాలుగు కట్టలూ విప్పాడు. పన్నెండడుగులవాటిలో రెండడుగుల తలుపు ఉంది. సరే, గతిలేక పెట్టాననుకోవచ్చు. ఇరవైలోనూ ఉంది. నలభై అడుగుల స్థలంలో, బంతాట ఆడుకునేంత హాలు గీసిన ఇంట్లోనూ అదే ఉంది. అక్కడ ఏ అంగుళమూ మిగల్చవలసిన పని లేదు. పాత జాకెట్టు చూసి కొత్తది కుట్టడమే. ఒక్కో కాగితం తిప్పుతుంటే ఆ ఇంటివాళ్లు కళ్లముందుకు వచ్చారు. ఒక ఇంట్లో తాత చేతికర్ర పట్టుకున్నాడు. ఒక ఇంట్లో నిండు చూలాలు. ఇల్లు బాగుందని అందరూ అన్నారు. అందరూ ముందుగదిలో కూర్చోబెట్టే అన్నారు. బల్ల మీద డ్రైవరు కోసం తీసి పెట్టిన ప్లాను ఉంది. దాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

మర్నాడు పొద్దున్న అతను ఉలి, సుత్తి సంచిలో వేసుకుని వదిన ఇంటికి బయల్దేరాడు. రోజూ నడిచే వీధి వదిలి చుట్టుతిరిగి వెళ్లాడు, ఆ వీధిలో తన ఇళ్లు తొమ్మిది ఉన్నాయి మరి. పనివాళ్లను ఎవర్నీ పిలవలేదు. ఎందుకు పగలగొడుతున్నారని అడిగితే చెప్పడానికి నోరు రావాలి కదా.

వదిన ముందుగదిలోనే ఉంది. నిన్నటి సంగతి ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. వంగి కుర్చీ వెడల్పు కొలిచాడు. ఇరవై అయిదున్నర. ఉన్న తలుపును పెంచడానికి వీల్లేదు. ఒకపక్క స్తంభం, ఇంకోపక్క మెట్లను మోసే గోడ. పెంచినా, వెనక ఇద్దరు ఎత్తి తిప్పితే తప్ప నడవాలో కుర్చీ మలుపు తిరగదు. ఇక మిగిలింది ఒకే దారి. అది గూడు. మూడడుగుల వెడల్పుంది, పైన బరువు మోసే లింటెల్ దిమ్మె ఆనాడే వేశాడు. వెనకనున్న నాలుగున్నర అంగుళాల గోడ తీసేస్తే, కుర్చీ ముందుగదిలోంచి తిన్నగా స్నానాల గదిలోకి వెళుతుంది.

అతను మిషన్ వైపు చూడటం వదిన గమనించింది.

"వద్దు మరిదీ. ఆ గూడు పగలగొట్టకు. ముందుగదిలో స్నానాల గది తలుపేమిటి? నువ్వే అంటావుగా, వచ్చినవాళ్లకి అది కనబడితే ఇల్లు కట్టినవాడికి సిగ్గని."

"కనబడనీ వదినా" అన్నాడు. దారాల అరలు ఊడదీయడం మొదలుపెట్టాడు.

చాలా ఏళ్లకు సుత్తి పట్టిన చెయ్యి. మొదటి పది దెబ్బల్లో రెండు వేలికే తగిలాయి. మధ్యాహ్నానికి గోడలో పుచ్చకాయంత కంత పడింది. తనే కట్టించిన గోడ, తనే గట్టిగా కట్టమని తిట్టి తిట్టి కట్టించినది. మూడో రోజున కంత గుమ్మం అయ్యేసరికి, వీధిలోంచి ఒక నీడ గదంతా కప్పేసింది. డ్రైవరు.

"కొట్టు దగ్గర అడిగితే ఇక్కడున్నారన్నారు. మా ప్లాను సంగతేమైందండీ?"

మేస్త్రి దుమ్ము మొహంతో లేచి నిలబడ్డాడు. "చింపేశాను."

"చింపేశారా!"

"మీరు వేరే ఎవరి దగ్గరికైనా వెళ్లండి. లేదూ, నాతోనే గీయించుకుంటారా, ఇంటిల్లిపాదీ రండి. మీ అమ్మగారిని కూడా తీసుకురండి. అందరినీ చూశాకే గీత."

డ్రైవరు గుమ్మాన్ని చూశాడు, కుర్చీలోని మనిషిని చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. "గోడకానించిన ఆ కొత్త ద్వారబంధం ఒక్కరే ఎత్తలేరు గాని, పట్టండి. నా భుజాలు పట్టే తలుపు మీచేత పెట్టిస్తానని మా ఆవిడతో పందెం కాశాను."

"మొన్నటిదాకా అయితే ఓడిపోయేవాడివే" అంది వదిన. చాలా రోజులకు ఆమె నిజంగా నవ్వడం మేస్త్రి విన్నాడు. అంతకుముందు విన్నవేవీ నవ్వులు కావని కూడా అప్పుడే తెలిసింది.

వారానికి పూతలు ఆరాయి. తలుపు బిగించి, లోపలి గడియ కూర్చుంటే అందేంత కిందికి పెట్టాడు. పెట్టేముందు ఆమెనే గుమ్మం దగ్గర ఆపి, చెయ్యి చాచమని, అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. గుమ్మంలో గడప ఉంచలేదు. ఆ పొద్దున భార్యా, అన్న కూతురూ కుర్చీ వెనక నిలబడితే వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఉండండి. నేను వెళతాను."

చక్రాలు ఆమే తిప్పుకుంది. ఇటు మూడు వేళ్లు, అటు మూడు వేళ్లు ఖాళీగా కుర్చీ లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. ఒక్క క్షణం ఆగి, లోపలినుంచి గడియ పడిన చప్పుడు వచ్చింది.

ఎనిమిది నెలలకు ఆమె తనంత తాను వేసుకున్న గడియ. మేస్త్రి భార్య మొహం తిప్పేసుకుంది. మేస్త్రి ముందుగదిలో నిలబడి, గదినంతా పాడుచేస్తున్న ఆ తలుపునే చూస్తున్నాడు. ఎక్కడ కూర్చున్నా అదే కనబడుతోంది. కనబడాలి అనుకున్నాడు.

నీళ్ల చప్పుడు కోసం చూశారు. రాలేదు. కాసేపటికి లోపలినుంచి గొంతు వచ్చింది.

"మరిదీ!"

"చెప్పు వదినా!"

"కుళాయి ఎవరి కొలతకి పెట్టావయ్యా? నాకు అందట్లేదు."

గుమ్మం కొలిచాడు, కుర్చీ కొలిచాడు, గడియకు ఆమె చెయ్యే కొలిచాడు. కుళాయి మాత్రం పదకొండేళ్ల కిందట తను నిలబడి చెయ్యి చాచి పెట్టిన చోటే ఉంది. గడియ తీసిన చప్పుడైంది. వదిన తిరిగి వచ్చింది, ఒంటి మీద చుక్క నీరు లేకుండా.

మేస్త్రి హడావిడిగా ఒక పీట తెచ్చి, గోడవార వేసి, దాని మీద కూర్చుని చెయ్యి చాచి, పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టబోయాడు.

అన్న కూతురు నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాబాయ్!"

"ఏమ్మా?"

"మళ్లీ నీ చెయ్యేనా?"

పెన్సిలు గోడ మీదే ఆగిపోయింది. అతను లేచాడు. ఇనప టేపు కోసం జేబులో చెయ్యి పెట్టాడు గాని తియ్యలేదు. గూట్లోంచి గోడవారకు జరిపిన మిషన్ సొరుగు లాగి, పసుపు రంగు వెలిసిన గుడ్డ టేపు తీసుకున్నాడు. వదిన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. టేపు కొస ఆమె భుజం మీద పెట్టాడు.

"చెయ్యి చాచు వదినా."

ఆమె చాచింది. "చెయ్యి వంచి కొలవాలా, తిన్నగా పెట్టి కొలవాలా?" అని అడిగింది, పదహారేళ్ల కుర్రాణ్ని అడిగినట్టే.

"నీకెలా సుఖంగా ఉంటే అలా" అన్నాడు మేస్త్రి. తల ఎత్తకుండానే అంగుళాలు చదవడం మొదలుపెట్టాడు.